పై ఛానల్ మూయించింది నేనే

సూర్యుడికి పదకొండేళ్ళ గడియారం ఉందని చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న హసన్‌పర్తిలో మా ఇంటి దగ్గరి కాలేజీలో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని అదే చెప్పాడు. సూర్యుడి మీద మచ్చలు పెరుగుతాయి, తగ్గుతాయి, పదకొండేళ్ళకు మళ్ళీ మొదటికొస్తాయి అని బస్టాండులో టైం టేబుల్ చదివినట్టు చదివేశాడు. పిల్లలు వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్నారు. నేను వెనక వరుసలో లేచి, ఆ పదకొండు ఉత్త సగటు, సూర్యుడు ఎవరికీ మాటివ్వలేదు అన్నాను. తర్వాత మాట్లాడుకుందాం కూర్చోండి పెద్దాయనా అన్నాడు. తర్వాత ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ పిల్లల్లాంటి వాళ్ళ కోసమే రాస్తున్నాను. నా కోపానికి ఇంకో కారణం కూడా ఉంది, దాచి లాభం లేదు. ఒకప్పుడు ఆ మాటను వరంగల్లో అందరికంటే గట్టిగా చెప్పినవాణ్ణి నేనే.

నేను వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేశాను. నదుల నీటిమట్టాలు కొలిచే ఒక ఆఫీసులో, హనుమకొండలో మా కంట్రోల్ రూం. గోదావరి వెంట, దానిలో కలిసే వాగుల వెంట మాకు చిన్న చిన్న స్టేషన్లు ఉండేవి. వానాకాలంలో గంటగంటకూ ప్రతి స్టేషనూ తన నీటిమట్టం చెప్పాలి. ఎగువన పెరిగితే దిగువకు మేం చెప్పాలి. పని అంతే. కానీ ఆ అంతేలో ఎందరి ప్రాణాలుండేవో సెట్టు ముందు కూర్చున్నవాడికే తెలుసు.

మా సెట్ల మాట నేల మీద పాకుతూ పోదు. ఆకాశంలో చాలా ఎత్తున ఉండే ఒక పొరకు తగిలి కిందికి దిగుతుంది. ఆ పొరకు బలమిచ్చేది సూర్యుడు. మా సెట్లలో ఎక్కువ ఫ్రీక్వెన్సీది పై ఛానల్, తక్కువది కింది ఛానల్. మచ్చలు ఎక్కువున్న ఏళ్ళలో పొర దిట్టంగా ఉంటుంది, పై ఛానల్లో మాట్లాడినా మాట దగ్గరి ఊళ్ళకు దిగుతుంది. మచ్చలు లేని ఏళ్ళలో పొర పలచబడుతుంది. అప్పుడు పై ఛానల్లో మాట్లాడితే మాట మన తల మీదుగా పోయి ఎక్కడో దూరాన పడుతుంది. దగ్గరి స్టేషన్లకు కింది ఛానలే దిక్కు. నా కథకు ఈ మాత్రం తెలిస్తే చాలు.

ఇది నాకు ఎవరూ నేర్పలేదు. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. మా నాయన మగ్గం నేసేవాడు. నేను రేడియో రిపేరు షాపులో చేరి, అక్కణ్ణుంచి ఈ ఉద్యోగంలో పడ్డాను. పాత పుస్తకాల కుప్పల్లో దొరికిన ఇంగ్లీషు పుస్తకాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. ఏ రోజు ఏ గంటకు ఏ ఛానల్ పలికిందో నోటుబుక్కుల్లో రాసుకున్నాను. సెలవు రోజుల్లో ఇంటి డాబా మీద గదిలో, ఒక కన్ను పగిలిన పాత బైనాక్యులర్‌తో సూర్యుడి బింబాన్ని గోడ మీది తెల్ల కాగితంపై వేసి మచ్చలు లెక్కపెట్టాను. ఇరవై ఏళ్ళ పైన ఇట్లా చేశాను. ఒకసారి మచ్చలు నాలుగేళ్ళలో ఎక్కి ఏడేళ్ళు దిగడం చూశాను. ఇంకోసారి శిఖరం దాకా వెళ్ళి, జారి, మళ్ళీ ఎక్కడం చూశాను. అన్నీ చూసి కూడా, నేతగాడి కొడుకును కదా, చీర అంచులో పువ్వు మళ్ళీ మళ్ళీ అదే చోట వచ్చినట్టు సూర్యుడి పువ్వు కూడా వచ్చి తీరుతుందనుకున్నాను.

ఆఫీసులో నన్ను "టెన్త్ ఫెయిల్ సైంటిస్టు" అనేవాళ్ళు. ఎదురుగా కాదు, వినబడేంత దూరంలో. ఆ మాట నాలో ఎంత దూరం దిగిందో ఇప్పుడు తెలుస్తోంది.

మచ్చలు తగ్గుతూ తగ్గుతూ దాదాపు లేకుండా పోయిన కాలం వచ్చింది. ఒక వేసవిలో నా నోటుబుక్కులు పట్టుకుని పెద్ద ఇంజనీరు దగ్గరికి వెళ్ళాను. ఇంకో మూడు నాలుగేళ్ళు పై ఛానల్ దగ్గరి స్టేషన్లకు పనికిరాదు, ప్రతి గంటా దాని మీద చెవి పెట్టి కూర్చోవడం దండగ, బ్యాటరీ కూడా దండగ అని నోటు రాసిచ్చాను. ఆయన నా లెక్కలు తిరగేసి, మెచ్చుకుని సంతకం పెట్టాడు. డిగ్రీలున్నవాళ్ళ ముందు నా కాగితం ఆర్డరైంది. దగ్గరి స్టేషన్లన్నిటికీ నేనే తిరిగి పై ఛానల్ మాట పట్టే ఏరియల్ తీగలు విప్పించాను. ఒక్కోచోట ఆ తీగ మీద అప్పటికే లుంగీలు ఆరుతున్నాయి. విప్పడానికి ఎవరూ బాధపడలేదు.

బాధపడ్డది ఒక్కడే. కంట్రోల్ రూంలో నాతోపాటు పనిచేసే సీనియర్ ఆపరేటర్, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. అందరం భాయ్ అనేవాళ్ళం. ఆయన పుస్తకాలు చదవలేదు. చెవితో బతికినవాడు. సెట్టులో గరగర విని బయట ఎండో మబ్బో చెప్పేవాడు.

"పనికిరాదంటె కిటికి మూస్కో తమ్మీ, మేకులు కొట్టకు" అన్నాడు. "రోజుకొక్కపారి పావుగంట విందాం. ఏం పోతది?"

లెక్కలో లేనిది వినడమెందుకు భాయ్ అన్నాను. ఆయన బీడీ వెలిగించుకుని, సూర్యుడు నీ మగ్గం మీద నేస్తలేడు అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చి, ఒక్కసారే పడ్డాయి. వారం రోజులుగా ముసురు. నేను డాబా ఎక్కలేదు. నిజం చెప్పాలంటే ముసురుకు ముందు ఎండ కాసిన రోజుల్లో కూడా ఎక్కలేదు. లేని మచ్చలు చూడటానికి ఎందుకు ఎక్కాలి?

ఆ రోజు పొద్దున దిగువ స్టేషను ఇంచార్జి, చేరి రెండు నెలలైన కుర్ర ఇంజనీరు, పదకొండు గంటల పిలుపులో చెప్పాడు. మోటారు పడవ ఇంజను చెడిపోయి పొద్దున ప్రవాహం కొలవలేదు, ఇప్పుడు బాగైంది, అన్నాలు తిని పన్నెండున్నరకు పడవ దింపుతాం అని. ప్రవాహం కొలవడమంటే నది మధ్యకు పోయి, పడవను తాడుకు కట్టి నిలిపి, నీళ్ళలోకి మీటరు వదలాలి. పడవ నడిపే ఆయనతో కలిపి నలుగురు ఎక్కుతారు. తాడుకు కట్టిన పడవ చప్పున తప్పుకోలేదు. సరే అన్నాను.

పదకొండుంబావుకు ఎగువ వాగు స్టేషను పిలుపు టైము కాకుండానే పిలిచింది. వాగు ఒక్కసారిగా వచ్చిందని, ఎర్ర గీత దాటిందని, నిలువెత్తు చెట్లు వేళ్ళతో సహా కొట్టుకొస్తున్నాయని ఆ మనిషి ఆయాసపడుతూ చెప్పాడు. వాళ్ళ దగ్గర్నుంచి మా దిగువ స్టేషనుకు నీళ్ళకు పావు తక్కువ రెండు గంటలు. ఒంటి గంటకు ఆ చెట్లు అక్కడుంటాయి. అప్పటికి మావాళ్ళు నది మధ్యలో తాడుకు కట్టుకుని ఉంటారు.

నేను దిగువ స్టేషనును పిలుస్తూనే రిజిస్టరులో రాశాను. పదకొండు ఇరవై ఐదు, పడవ దింపవద్దు. చివరి గడి జవాబుది. జవాబు అందితే అందులో టిక్ కొట్టాలి. మా ఆపరేటర్లందరికీ ఒక చెడ్డ అలవాటు ఉండేది. కుడిచెయ్యి ఖాళీగానే ఉంటుంది గనక, మాట పంపుతుండగానే టిక్ కొట్టేసేవాళ్ళం. జవాబు ఎట్లాగూ వస్తుంది కదా. నేనూ కొట్టాను.

జవాబు రాలేదు.

మళ్ళీ పిలిచాను. ఏమీ లేదు. అప్పుడు గమనించాను, గరగర కూడా లేదు. వానాకాలంలో సెట్టు ఎప్పుడూ పెనం మీద నూనెలా చిటపటలాడుతుంది. ఆ చిటపట పోయింది. బావిలోకి తల వంచి చెవి పెట్టినట్టుంది. ఎగువ స్టేషనూ లేదు, ఇంకెవరూ లేరు. అన్ని ఊళ్ళూ ఒకేసారి నోరు మూసుకున్నాయి.

సెట్టు పోయిందనుకున్నాను. ఫ్యూజు చూశాను. వానలో తడుస్తూ ఆఫీసు డాబా ఎక్కి తీగ చూశాను. తీగ బాగుంది. దిగి రెండో సెట్టు బిగించాను. దాన్లోనూ అదే నిశ్శబ్దం. ఇరవై నిమిషాలు ఇట్లా పారేశాను. తడి చేతుల్లో స్క్రూడ్రైవరు రెండుసార్లు జారింది. సెల్‌ఫోన్లు అందరి జేబుల్లో ఉన్నాయి గానీ ఏటి ఒడ్డున సిగ్నల్ లేదు. ల్యాండ్‌లైన్ మూడు రోజులుగా పోయింది. భాయ్ స్కూటర్ మీద పోలీసు కంట్రోల్ రూంకు పోయి చెప్పొచ్చాడు. వాళ్ళ సెట్లు వేరే రకం, పలుకుతూనే ఉన్నాయి. అక్కడి ఠాణా నుంచి మనిషి బయల్దేరాడన్నారు. తర్వాత తెలిసింది, దారిలో వాగు పొంగి ఆ మనిషి ఈవలే ఆగిపోయాడు.

భాయ్ తడి చొక్కాతో వచ్చి, తన సంచిలోంచి చిన్న రేడియో తీసి షార్ట్‌వేవ్ మొత్తం ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాడు. ఒక్క దేశమూ లేదు.

"సెట్టు కాదు తమ్మీ," అన్నాడు. "పైన."

నాకు అప్పుడు తెలిసింది. పుస్తకంలో చదివిన సంగతే. సూర్యుడి మీద పెద్ద మంట లేచిందంటే ఎనిమిది నిమిషాల్లో దాని దెబ్బ ఇక్కడ తగులుతుంది. పగలున్న సగం భూమి మీద ఆకాశం మాటల్ని మింగేస్తుంది. కింది ఛానళ్ళను ముందు మింగుతుంది, పై ఛానళ్ళను చివర, కొన్నిసార్లు వాటిని వదిలేస్తుంది. కానీ అది మచ్చలు కిక్కిరిసిన ఏళ్ళలో జరిగే పని అని నేను గట్టిగా నమ్మాను. ఏమీ ఉండకూడని ఏడులో, మబ్బు చాటున, నేను చూడటం మానేసిన వారంలో, ఒక పెద్ద మచ్చల గుంపు తిరిగి వచ్చి మా నెత్తిన నిలబడింది.

భాయ్ సెట్టును పై ఛానలుకు తిప్పాడు. మహారాష్ట్ర వైపు మా దూరపు స్టేషను ఒకటి గుసగుసలాగా వినబడింది. అంత దూరం వాళ్ళకు పై ఛానలే వాడేవాళ్ళం. అంటే ఆ దారి తెరిచి ఉంది. ఆ రోజు మా దిగువ స్టేషనుకు కూడా దిగేదా అంటే ఖాయంగా చెప్పలేను. దిగినా వినేవాడు లేడు. తీగ విప్పించింది నేనే.

పన్నెండున్నర అయింది. గడియారం వైపు చూడకూడదనుకుంటూ చూశాను. ఆ నలుగురిలో ముగ్గురి గొంతులు నాకు తెలుసు. నాలుగో మనిషి, పడవ నడిపే ఆయన, సెట్టులో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూస్తే రాలేదు. అయినా పిలుస్తూనే ఉన్నాను, వినబడదని తెలిసీ. చిన్నవాళ్ళారా, భయమంటే గుండె దడదడలాడటమని కథల్లో రాస్తారు. నాకు మాత్రం భయమంటే అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పడం. మాట ఒక్కటి పోతే చాలు, అది పోదు. గోడకు చెబుతున్నాను.

ఒంటి గంటకు పది నిమిషాలుండగా చిటపట మొదలైంది. చాలా దూరంగా, చినుకులు పడ్డట్టు. అందులోంచి కుర్ర ఇంజనీరు గొంతు వచ్చింది. నేను ఒక్కటే అరిచాను, పడవ ఎక్కడ అని.

"దిగలే సార్. పడవాయన దిగనన్నడు" అన్నాడు. గొంతులో ఇంకా కోపం ఉంది. "మాట వింటలేడని పంపించేసిన. రేపటి నుంచి రావద్దన్న."

నా మెసేజ్ అందిందా అని అడిగాను.

"ఏం మెసేజ్ సార్?"

చెప్పాను. ఎన్నింటికి పంపిన్రు సార్ అని అడిగాడు. పదకొండు ఇరవై ఐదుకు అన్నాను. ఇంకో పావుగంటలో చెట్లు వచ్చాయి. ఒడ్డున కట్టేవాడు లేక వదిలేసిన పడవను, ఇంజనును, మీటరును తీసుకుపోయాయి. మనుషులందరూ గట్టు మీదున్నారు.

నేను బల్ల మీద తల పెట్టుకున్నాను. భాయ్ చాయ్ తెప్పించాడు. అక్కడితో భయం అయిపోయిందనుకున్నాను.

పదిహేను రోజులకు విచారణ వచ్చింది. మనుషులు బతికినందుకు విచారణ ఉండదు, సర్కారు పడవ పోయినందుకు ఉంటుంది. హైదరాబాదు నుంచి వచ్చిన అధికారి మర్యాదస్తుడు. చక్కెర లేని చాయ్ అడిగాడు. ఆయన ముందు కుర్ర ఇంజనీరు రాసిచ్చిన రిపోర్టు ఉంది. పదకొండు ఇరవై ఐదుకు వైర్‌లెస్ హెచ్చరిక అందింది, వెంటనే పని ఆపి పడవ గట్టెక్కించమన్నాను, పడవ మనిషి మాట వినకుండా విడిచి పోయాడు, అందువల్ల పడవ కొట్టుకుపోయింది. ఇదీ రిపోర్టు. ఆ రోజు సెట్టులో తను నాకు చెప్పిన మాటకు ఇది పూర్తిగా తలకిందులు.

లోపలికి పిలవడానికి ముందు వరండాలో భాయ్ నా పక్కన కూర్చున్నాడు. "అడగకున్నా చెప్పు తమ్మీ. జవాబు రాలేదని చెప్పు. గంతే. ఆ పడవ మనిషి నోటికాడి బుక్క వోతది" అన్నాడు. ఆయన నాకు బతిమాలినట్టు చెప్పడం అదొక్కసారే.

నేను ఏమాలోచించానో దాచకుండా చెబుతాను. జవాబు రాలేదంటే ఎందుకు రాలేదంటారు. సూర్యుడి వల్ల అంటే పై ఛానల్ ఏమైందంటారు. ఫైలు తీస్తే నా నోటు, నా లెక్కలు, నా సంతకం. టెన్త్ ఫెయిల్ సైంటిస్టు అనే మాట ఈసారి ఎదురుగానే అంటారు. రిటైర్మెంటుకు మూడేళ్ళుంది. నీళ్ళకు భయపడ్డదానికంటే ఆ గది తలుపుకు ఎక్కువ భయపడ్డాను. నీళ్ళకు ఇంకెవరో పోతారు. ఆ గదిలోకి నేను పోవాలి.

అధికారి రిజిస్టరు తిప్పి చూపించాడు. "మెసేజ్ పంపారా?"

"పంపాను సార్."

"జవాబు గడిలో టిక్ ఉంది."

"ఉంది సార్" అన్నాను.

అది అబద్ధం కాదు. టిక్ ఉంది. ఆయన పెన్ను మూసి, మంచి పని చేశారు, వెళ్ళండి అన్నాడు. వరండాలో భాయ్ నా ముఖం చూశాడు. సంచి తీసుకుని రైలుకు పోయాడు. తర్వాత మేమిద్దరం రెండేళ్ళు పక్కపక్క కుర్చీల్లో పనిచేశాం. ఆయన నన్ను తమ్మీ అనడం మానేసి, అందరిలాగా సార్ అన్నాడు.

పై ఛానల్ తీగలు నెల తిరగకముందే మళ్ళీ కట్టించాను. ఏ కారణమూ రాయకుండా. మచ్చల లెక్క కూడా మళ్ళీ మొదలుపెట్టాను, ఇప్పటికీ రోజూ వేస్తున్నాను. ఇన్నేళ్ళలో పువ్వు ఒక్కసారి కూడా అనుకున్న చోట రాలేదు. రావలసిన మచ్చలు రాక ఏడాది పైన ఖాళీ బింబం చూశాను. తక్కువే వస్తాయన్నప్పుడు మచ్చలు ఎక్కువొచ్చాయి. రోజూ ఒక్కో మచ్చనూ రెండుసార్లు లెక్కపెడతాను. చాదస్తం అంటుంది మా ఇంటావిడ. అననీ.

ఆ ఏడు దసరా ముందు పడవాయన ఆఫీసు గేటు దగ్గరికొచ్చాడు. దినకూలీ మనిషి గనక లోపలికి రానివ్వలేదు. నేను చూసి ఎదురుగా చాయ్ హోటల్‌కు తీసుకుపోయాను. పొట్టి మనిషి, యాభై దాటింది, చేతులు మాత్రం తెడ్డుల్లా ఉన్నాయి. నా టిక్ సంగతి ఆయనకు తెలియదు. పెద్దసారుకు దరఖాస్తు రాసిపెడతావా అని అడిగాడు. ఆ దరఖాస్తు తర్వాత ఎటూ పోలేదని ఇప్పుడే చెబుతున్నాను. నా రిజిస్టరు ముందు అది నిలవదని రాస్తున్నప్పుడే నాకు తెలుసు. అయినా తెల్ల కాగితం తెప్పించి రాశాను.

పడవ ఎందుకు దిగలేదన్న చోట పెన్ను ఆపాను. నాకు ఒక గుర్తు కావాలి. నీళ్ళ రంగు మారిందా, నురగ వచ్చిందా, పక్షులు లేచాయా, చెప్పు అన్నాను.

"ఏం లేదు సారు. నీళ్ళు ఎప్పటి తీర్గనే ఉన్నయ్."

"మరి ఎట్ల తెలిసింది?"

"తెల్వలే. భయమైంది. గా ఇంజినీరు సారు తిట్టవట్టె, అయినా భయమైంది. భయమైతాంది సారూ అని చెప్పిన."

"భయమైందని రాస్తే ఎవరు నమ్ముతరు? ఏదన్న ఒక గుర్తు చెప్పు, రాస్త."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "లేంది ఎట్ల చెప్పాలె సారు? భయమైందనే రాయి."

అట్లాగే రాశాను. చదివి వినిపించాను. హోటల్ ఆయన దగ్గర స్టాంపు ప్యాడు అడిగి తెచ్చి ఇస్తే, ఆ పెద్ద చేతి బొటనవేలును మెల్లగా అద్దాడు. వేలిముద్ర వేసిన కాగితం అడుగున, రాసిపెట్టినవాడు దస్తూరి అని తన పేరు రాయడం మన దగ్గర ఆనవాయితీ. నేను దస్తూరి అని రాశాను. పక్కన పేరు రాయకుండా కాగితం మడిచి ఆయన చేతికిచ్చాను.

ఆయన రెండు చేతులతో తీసుకుని, నీ పేరు కూడా పెట్టినవా సారు, నీ అసొంటోళ్ళ పేరుంటే పెద్దసార్లు జర మాట ఇంటరు అన్నాడు.

పెట్టిన అన్నాను. ఆయనకు చదువు రాదు.